ఆ మిగిలిన బటన్లు ఎవరివి?

మన ఇళ్ళల్లోకి కొత్త మెషీన్ ఏదొచ్చినా దాంతో పాటు వచ్చే చిన్న పుస్తకానికి మాత్రం ఒకటే గతి. అట్టపెట్టెలోంచి బయటికి తీస్తాం. "జాగ్రత్తగా దాచు, వారంటీ కార్డు అందులోనే ఉంది" అంటారు. ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా బీరువాలో ఇంటి పన్ను రసీదుల పక్కన పెట్టేస్తాం. మళ్ళీ అది వెలుగు చూసేది మెషీన్ పాడైనప్పుడే. చదువుదామని ఆ పుస్తకం తెరిచినవాళ్ళు ఇంటికి ఒక్కరున్నా గొప్పే.

ఇక డెమో ఇవ్వడానికి వచ్చే అబ్బాయి సంగతి మీకు తెలియంది కాదు. ఆ మెషీన్ వాడబోయేది ఎవరో ఇంట్లో అడుగు పెట్టగానే అతనికి అర్థమవుతుంది. అయినా చెప్పేదంతా "సార్, ఇది చూడండి సార్" అనే. సారు తల ఊపుతూ ఉంటారు. మనం అతనికి మజ్జిగ కలిపి తెచ్చేసరికి డెమో అయిపోతుంది. మనకి మిగిలేది సారుగారు చెప్పే సారాంశం: "ఏం లేదు, ముందు ఇది నొక్కు, తర్వాత అది నొక్కు. మిగతావి ముట్టుకోకు."

ఆ చివరి మాట దగ్గరే నా పేచీ. డజను బటన్లకి డబ్బు కట్టి రెండు బటన్లతో కాపురం చేస్తున్నాం. మిగతావి అలంకారానికి పెట్టారా? కాదు కదా. నేను చెప్పదలుచుకున్నవి రెండే. ఒకటి, ఆ మిగిలిన బటన్లు రోజూ ఆ మెషీన్ ముందు నిలబడే మనిషివి, అంటే మనవి. రెండోది, మనకి తెలిశాక అవి మన ఒక్కరి దగ్గరే ఆగిపోకూడదు. ఈ రెండోదే నాకు ఎక్కువ ముఖ్యం. కానీ ముందు మొదటిది తేలాలి కాబట్టి వంటింట్లోంచే మొదలుపెడతాను.

మిక్సీని ఒకసారి తిరగేసి చూడండి. చాలావాటికి అడుగున చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. పప్పు ఎక్కువ వేసినా, నీళ్ళు చాలకపోయినా, ఆపకుండా తిప్పినా మోటారు మీద భారం పడుతుంది. అప్పుడు మోటారు కాలిపోకుండా మిక్సీ తనంతట తనే ఆగిపోతుంది. స్విచ్ ఆపి, కాసేపు చల్లారనిచ్చి, జారులో సరుకు కొంచెం తీసేసి, ఆ ఎర్ర బటన్ నొక్కితే మళ్ళీ తిరుగుతుంది. అంతే! మా ఎదురు ఫ్లాట్ ఆంటీ పండగ పూట గారెల పప్పు సగంలో ఉండగా మిక్సీ ఆగిపోతే, కొత్తది కొనుక్కొద్దామని బాబాయిగారి చేత చెప్పులు కూడా వేయించేశారు. నేను వెళ్ళి మిక్సీ తిరగేసి బటన్ నొక్కాను. "పదేళ్ళయిందమ్మా ఇది మా ఇంటికొచ్చి, కింద బటనుందని ఎవ్వరూ చెప్పలేదు" అన్నారావిడ. ఆ మాట నాకు భలే గుచ్చుకుంది. పదేళ్ళలో ఎన్ని వేల సార్లు రుబ్బి ఉంటారు?

మన మిక్సీకి మంచి కథే ఉంది. 1960లలో ఒక ఇంజనీరుగారి ఇంట్లో ఉన్న విదేశీ మిక్సీ మన వంటల రుబ్బుడికి తట్టుకోలేకపోయింది. ఆయన పేరు సత్యప్రకాశ్ మాథుర్. మన పప్పులకీ, మసాలాలకీ తట్టుకునేలా గట్టి మోటారుతో ఆయన తయారు చేసిందే సుమీత్ మిక్సీ. అంటే ఒక ఇల్లాలి రోజువారీ అవసరంలోంచే ఆ యంత్రం పుట్టింది. అలాంటిది దాని అడుగున ఉన్న బటన్ ఇల్లాలికే తెలియకపోవడం విచిత్రం కాదూ? మీటని ఎడమ పక్కకి తిప్పితే పట్టుకున్నంతసేపే తిరిగి, వదలగానే ఆగిపోతుంది. కొబ్బరి పచ్చడి మెత్తగా పేస్టు కాకుండా, పల్లీలు పొడి కాకుండా పలుకులుగా ఉండాలంటే వాడాల్సింది అదే.

ఫ్రిజ్ లోపల అంకెల చక్రం ఉంటుంది చూడండి. కొన్న రోజు డెలివరీ అబ్బాయి ఎక్కడ పెట్టి వెళ్ళాడో చాలా ఇళ్ళల్లో ఈ రోజుకీ అక్కడే ఉంటుంది. అందులో అంకె పెరిగేకొద్దీ చల్లదనం పెరుగుతుంది. రోహిణీ కార్తెలో పెట్టిన అంకె పుష్యమాసంలో కూడా ఉంటే కరెంటు దండగ. లోపల 4 డిగ్రీలో, అంతకన్నా కాస్త తక్కువో ఉంటే చాలు, పాలూ కూరలూ క్షేమం. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లలో చాలావాటికి ఆ చక్రం మధ్యలోనే ఒక బటన్ ఉంటుంది, అది డీఫ్రాస్ట్. రాత్రి నొక్కి పడుకుంటే మంచు కరిగి, పని అయ్యాక ఫ్రిజ్ మళ్ళీ తనే మొదలవుతుంది. అది తెలియక కత్తితో, అట్లకాడతో మంచు పెళ్ళలు పెకలించేవాళ్ళని ఎంతమందిని చూశానో! ఆ ఫ్రిజ్‌లలో చల్లబరిచే గ్యాస్ తిరిగేది ఆ ఫ్రీజర్ గోడల్లోనే. కత్తి మొన గుచ్చుకుందంటే గ్యాస్ పోతుంది, దానితో పాటు వేలకి వేలు పోతాయి. తిట్లు మాత్రం మనకే మిగులుతాయి.

కూరగాయల డబ్బాకి చిన్న జరుపుడు మూత ఉందేమో కూడా చూడండి. అది మూస్తే లోపల తేమ నిలుస్తుంది, ఆకుకూరలకి మంచిది. తెరిస్తే తేమ బయటికి పోతుంది, పళ్ళకి మంచిది. గోంగూర కట్టా, అరటిపళ్ళూ ఒకే చోట కుక్కి "ఈ ఫ్రిజ్‌లో ఏదీ నిలవదు" అంటే ఫ్రిజ్ ఏం చేస్తుంది పాపం!

మైక్రోవేవ్‌కి పవర్ లెవెల్ అని ఒక బటన్ ఉంటుంది. టైము పెట్టి స్టార్ట్ నొక్కేస్తే అది పూర్తి పవర్‌తోనే నడుస్తుంది. అందుకే మన ఉప్మా అంచుల్లో అట్టకట్టి, మధ్యలో చల్లగా ఉంటుంది. పవర్ సగానికి తగ్గించి టైము కాస్త పెంచండి. అప్పుడది కాసేపు వేడి చేస్తూ, కాసేపు ఆగుతూ నడుస్తుంది. ఆగిన సమయంలో వేడి లోపలికి పాకుతుంది. నిన్నటి కూర కూడా ఈ పూట చేసినట్టే ఉంటుంది. ఇక ఇండక్షన్ పొయ్యి మీద టైమరు ఉన్నది పాలకోసమే అని నా నమ్మకం. మీ గిన్నెలో మీరు పోసే పాలకి ఎన్ని నిమిషాలు పడుతుందో ఒక్కసారి గడియారం చూసి రాసుకోండి. దానికి అర నిమిషం తక్కువకి టైమరు పెట్టుకోండి. "పాలు పొంగుతున్నాయేమో" అని స్నానాల గదిలోంచి అరవక్కర్లేదు.

వాషింగ్ మెషీన్ దగ్గర మన సమయం అంతా దాక్కుని ఉంది. డిలే స్టార్ట్ అనో, ప్రీసెట్ అనో రాసి ఉండే బటన్ సంగతి నేనెవరిని అడిగినా "ఉంది గానీ ఎప్పుడూ వాడలేదు" అనే అంటారు. రాత్రి వంటిల్లు సర్దాక బట్టలు, సబ్బుపొడి వేసి, తెల్లవారి ఆరింటికి అయిపోయేలా పెట్టేసి పడుకోవచ్చు. మా హైదరాబాదులో మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. మిగతా రోజుల్లో బోరు నీళ్ళే గతి. మంచి నీళ్ళొచ్చే వేళకి మెషీన్ దానంతట అదే మొదలయ్యేలా పెట్టుకుంటే తెల్లబట్టలు తెల్లగా ఉంటాయి. బోరు నీళ్ళతోనే ఉతికేవాళ్ళు టబ్ క్లీన్ అన్న బటన్‌ని అస్సలు వదలకూడదు. ఖాళీ మెషీన్‌ని నెలకోసారి దాంతో తిప్పితే లోపల పేరుకున్న సబ్బు జిడ్డు పోతుంది, బట్టలకి ముక్కవాసన రాదు. సున్నం పేరుకుని ఉంటే దానికి వేరే పొడి దొరుకుతుంది, అది వేసి తిప్పాలి.

ఇంకోటి. ఫ్రంట్ లోడ్ మెషీన్లలో కాటన్ అని పెడితే చాలావాటిలో నీళ్ళు 40 డిగ్రీలకో 60 డిగ్రీలకో వేడెక్కుతాయి. ఉతకడానికయ్యే కరెంటులో పెద్ద వాటా ఆ నీళ్ళు కాచడానికే పోతుంది. పక్కనే టెంపరేచర్ బటన్ ఉంటుంది. మామూలు రోజువారీ బట్టలకి కోల్డ్ మీద పెడితే సరిపోతుంది. దుప్పట్లకీ, పసిపిల్లల బట్టలకీ వేడినీళ్ళు అట్టిపెట్టుకోండి. కరెంటు బిల్లు స్లాబు దాటితే యూనిట్ రేటే పెరుగుతుంది కాబట్టి ఈ చిన్న బటన్ విలువ నెలాఖరున తెలుస్తుంది. నేతచీరలు వేసినప్పుడు స్పిన్ వేగం తగ్గిస్తే ముడతలు తక్కువ పడతాయి, ఇస్త్రీ తేలికవుతుంది. ఫ్రంట్ లోడ్‌కి అడుగున మూలగా ఉండే చిన్న తలుపు వెనకాల ఫిల్టరు ఉంటుంది. పిన్నీసులూ, చిల్లరా, మావారి జేబుల్లోని కాగితాలూ అన్నీ అక్కడ సమావేశమవుతాయి. నీళ్ళు బయటికి పోవడం లేదని మెకానిక్‌ని పిలిచే ముందు ఒకసారి అక్కడ చూడండి.

ఏసీ సంగతి వస్తే రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే రాజు కదా! 2020 జనవరి 1 నుంచి స్టార్ గుర్తు ఉన్న కొత్త ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల మీద మొదలయ్యేలా ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వాళ్ళు చెబుతారు. మా పుట్టిల్లు కాకినాడ. అక్కడ వానాకాలం ఎండ లేకపోయినా ఒళ్ళంతా జిగటే. అలాంటప్పుడు డ్రై మోడ్ పెడితే గాలిలో తేమ లాగేసి హాయిగా ఉంటుంది. అదే హైదరాబాదు మే నెల వడగాడ్పుకి డ్రై మోడ్ పనికిరాదు, అప్పుడు కూల్ పెట్టాల్సిందే. అర్ధరాత్రి చలికి లేచి ఏసీ ఆపి, మళ్ళీ ఉక్కపోసి లేచి ఆన్ చేసే పని సాధారణంగా ఇంట్లో ఎవరిది? పిల్లల మీద దుప్పటి లాగే మనిషిదే. స్లీప్ మోడ్ ఉన్నది ఆ మనిషి నిద్ర కోసమే. రాత్రి గడిచేకొద్దీ అది ఒకటి రెండు డిగ్రీలు తనే పెంచుతుంది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ డబ్బూ, సమయం. ఈ ఒక్కటి మాత్రం ప్రాణం సంగతి. మీ ఇంట్లో మెయిన్ బోర్డు తెరిచి చూడండి. వరసగా ఉన్న స్విచ్చుల్లో ఒకదానికి "టెస్ట్" అనో, ఇంగ్లీషు "టీ" అక్షరమో రాసిన చిన్న బటన్ ఉంటే అది ఆర్‌సీసీబీ. మామూలు ఎంసీబీ కాపాడేది వైర్లని, ఆర్‌సీసీబీ కాపాడేది మనుషుల్ని. గీజరులోంచో, వాషింగ్ మెషీన్ ఒంట్లోంచో కరెంటు లీకై మనలోంచి పారబోతే, రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. ఇళ్ళల్లో వాడేవి సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే పడిపోయేలా ఉంటాయి. అది పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికే ఆ టెస్ట్ బటన్. నెలకోసారి నొక్కి చూడండి, స్విచ్ టక్కున కిందపడాలి. పడకపోతే ఆ రోజే ఎలక్ట్రీషియన్ని పిలవాలి. అసలు అలాంటిది బోర్డులో కనిపించకపోయినా పిలవాల్సిందే. తడి చేతులతో, తడి గచ్చు మీద నిలబడి ఈ మెషీన్లు వాడేది ఇంట్లో ఆడవాళ్ళూ, పనికొచ్చే అమ్మాయీ. అలాంటిది ఆ బటన్ సంగతి ఇంట్లో మగవాళ్ళకీ, ఎలక్ట్రీషియన్‌కీ మాత్రమే తెలిసి ఉండటం న్యాయమేనా?

"ఇవన్నీ ఎవరు గుర్తుపెట్టుకుంటారమ్మా" అని మీలో కొందరు అనుకుంటున్నారని తెలుసు. నిజమే, అన్నీ అక్కర్లేదు కూడా. ఫోనులోంచి వాషింగ్ మెషీన్ నడిపే సదుపాయం నాకెందుకు? బట్టలు వేయడానికి ఎలాగూ దాని దగ్గరికి వెళ్ళాలి కదా. ఇంకా ఎక్కువ బటన్లున్నవి కొనమని నేను చెప్పడం లేదు. ఇంట్లో ఉన్నవాటిలో ఏం ఉన్నాయో తెలిస్తేనే, రేపు షాపులో ఏది అక్కర్లేదో ధైర్యంగా చెప్పగలం.

ఇంకో అభ్యంతరం ఉంది, అది నాకూ బరువైనదే అనిపిస్తుంది. మెషీన్ సమయం మిగిల్చితే ఆ సమయం మనకి మిగులుతుందా? రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే అమెరికన్ చరిత్రకారిణి 1983లో "మోర్ వర్క్ ఫర్ మదర్" అని ఒక పుస్తకమే రాశారు. ఇళ్ళల్లోకి యంత్రాలు వచ్చినా ఆడవాళ్ళకి పని తగ్గకపోవడం గురించి. మన దగ్గరా అంతే కదా. చేత్తో ఉతికే రోజుల్లో ప్యాంటు మూడు రోజులు కట్టేవాళ్ళు. ఇప్పుడు "మెషీన్ ఉందిగా" అని పూటకో జత విప్పుతారు. రోలు పోయి మిక్సీ వచ్చాక పచ్చళ్ళు రెండు రకాలయ్యాయి. అంటే బటన్లు తెలుసుకోవడం ఒక్కటే చాలదు. తెలిసినవాళ్ళ నెత్తినే పని పడితే ఆ తెలివి మనకి ఇంకో బరువు.

అందుకే రెండో మాట. ఇళ్ళల్లో "నాకు రాదు" అన్నది ఒక గొప్ప మినహాయింపు. కారులో ఏ మీట ఎందుకో తెలిసిన మనిషికి, టీవీ రిమోట్‌లో ప్రతి బటనూ కంఠతా వచ్చిన మనిషికి వాషింగ్ మెషీన్ దగ్గరికొచ్చేసరికి "నాకు రాదు". మనం కూడా "ఆయనకి రాదులెండి" అని మురిపెంగా చెప్పుకుంటాం. కానీ ఈ ప్రీసెట్ బటన్లు తయారైందే ఏమీ రానివాళ్ళ కోసం! అనుభవమూ, చేతివాటమూ అక్కర్లేకుండా ఎవరు నొక్కినా ఒకేలా పనిచేయడమే వాటి గొప్పతనం. కాబట్టి మెషీన్ మీద ప్రతి బటనూ "నాకు రాదు" అన్న మాటకి ఒక జవాబు.

మా పెద్దమ్మ పోయిన నెల తర్వాత పెదనాన్నగారిని చూడటానికి వెళ్ళాం. స్నానాల గదిలో బకెట్లో నానబెట్టిన లుంగీ, రెండు చొక్కాలు ఉన్నాయి. పక్కనే పన్నెండేళ్ళుగా పెద్దమ్మ వాడిన మెషీన్, దాని మీద ఆవిడ కుట్టిన పూల కవరు. "మీ పెద్దమ్మ ఏదో తిప్పేదమ్మా, ఏం తిప్పేదో ఎప్పుడూ చూడలేదు" అన్నారు పెదనాన్న. ఆయన మొండివాడు కాదు, సోమరీ కాదు. ఆ ఇంట్లో ఆ విషయం ఒక్క మనిషి చేతివేళ్ళలోనే ఉండిపోయింది, ఆ మనిషితోనే వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం మా అబ్బాయి తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో నాలుగు వరసలు రాసి మెషీన్‌కి అంటించాడు. ఇప్పుడాయన తన బట్టలు తనే వేసుకుంటున్నారు. "నిన్న దుప్పట్లు కూడా వేశానమ్మా" అని ఫోన్లో గర్వంగా చెబుతారు. పెద్దమ్మ బతికుండగానే ఆ కాగితం అంటించి ఉంటే, ఆవిడకి మోకాళ్ళ నొప్పులతో మంచం దిగలేని రోజుల్లో ఎంత ఆసరాగా ఉండేదో అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు మా ఇంట్లో కూడా ప్రతి మెషీన్ పక్కనా అలాంటి కాగితం ఉంది. ఆదివారం బట్టలు మావారివి. మెయిన్ బోర్డులో టెస్ట్ బటన్ నొక్కడం ప్రతి నెలా ఒకటో తారీకున మా అబ్బాయి పని. పనికొచ్చే అమ్మాయికి కూడా అన్నీ చూపించాను.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే ఒకేసారి అన్నీ వద్దు, వారానికి ఒక్క మెషీన్ చాలు. బీరువాలోంచి పుస్తకం తీయండి. పుస్తకం పోతే మెషీన్ వెనక అంటించిన మోడల్ నంబరు కొడితే కంపెనీ వెబ్‌సైట్లో చాలావాటికి దొరుకుతుంది. అందులో ఇంగ్లీషు, హిందీ తప్ప తెలుగు లేదంటారా? ఫోను కెమెరాలో గూగుల్ లెన్స్ పెట్టి చూస్తే పేజీ తెలుగులో కనిపిస్తుంది. ఆ తెలుగు కాస్త నవ్వొచ్చేలా ఉన్నా విషయం అర్థమవుతుంది. ఏటా ఇన్ని మెషీన్లు కొంటున్న తెలుగువాళ్ళకి తెలుగులో పుస్తకం ఇమ్మని షాపులో గట్టిగా అడగండి కూడా. వస్తువు గురించి సమాచారం పొందడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం మనకిచ్చిన హక్కు. ఈసారి డెమో అబ్బాయి వస్తే మజ్జిగ సారుగారిని తెమ్మనండి. మీరు కుర్చీ లాక్కుని మెషీన్ ముందు కూర్చోండి. ప్రతి బటనూ మీ చేత్తో నొక్కించమని అడగండి. పక్కన పిల్లల్ని, అత్తగారినీ కూర్చోబెట్టుకోండి.

మీ ఇంట్లో ఏ బటన్ ఇన్నాళ్ళూ ఎవరికీ పట్టకుండా పడి ఉందో వెతికి నాకూ చెప్పండి. నా జాబితాలో లేనిది ఏదైనా దొరికితే, వచ్చే వారం నేను తెరిచే పుస్తకం అదే.